పరదేశయానం - ఆరోగ్యరక్ష

సంచారం మానవుని సహజ స్వభావం. జీవిక కోసం కొందరు, విద్య కోసం కొందరు, పుణ్యార్జన కోసం మరికొందరు, కన్నబిడ్డలను కళ్ళారా చూసుకోవాలనే తహతహతో ఇంకొందరు స్వదేశపు ఎల్లలు దాటి వెళ్తూనే ఉన్నారు. అయితే ఏ కాలంలోనూ ఏ రాజ్యమూ తన ద్వారాలను బార్లా తెరచి ఉంచలేదు. కౌటిల్యుని అర్థశాస్త్రంలో ముద్రాధ్యక్షుడనే అధికారి కనిపిస్తాడు. అతనికి ఒక మాషం చెల్లించి ముద్ర పొందినవాడే జనపదంలోకి రావడానికైనా, వెలుపలికి పోవడానికైనా అర్హుడు. ముద్ర లేకుండా పొలిమేర దాటిన స్వదేశీయునికి పన్నెండు పణాల దండన. నేటి పాస్‌పోర్టు, వీసాల వ్యవస్థకు ఇది అతి ప్రాచీనమైన పూర్వరూపం.

పరదేశిని ద్వారం వద్ద ఆపి విచారించడం రాజధర్మంలో ఒక భాగమైతే, లోనికి వచ్చినవాడు ఆపదపాలైనప్పుడు ఆదుకోవడం మరొక భాగం. కాకతి గణపతిదేవుడు 1244-45 ప్రాంతంలో మోటుపల్లి రేవులో వేయించిన అభయశాసనం ఇందుకు గొప్ప నిదర్శనం. అంతకుముందు తుఫాను తాకిడికి తీరానికి కొట్టుకువచ్చిన ఓడలలోని సరకునంతటినీ రాజులు స్వాధీనం చేసుకునేవారు. ప్రాణాల కన్న ధనమే విలువైనదని భావించి సముద్రాన్ని సాహసించే వర్తకుల పట్ల దయతో, నిర్ణీత సుంకం తప్ప మరేదీ తీసుకోబోమని గణపతిదేవుడు అభయమిచ్చాడు. శ్రీకృష్ణదేవరాయలు ఆముక్తమాల్యద చతుర్థాశ్వాసంలో యామునాచార్యుని నోట పలికించిన రాజనీతి ఇంకొక అడుగు ముందుకు వేసింది. గాలివానల వల్లనో, రోగం వల్లనో, అలసట వల్లనో తన రేవులలో దిగిన పరదేశ నావికులను వారి వారి జాతులకు తగిన రీతిలో పోషించాలన్నది ఆ నీతి. రోగగ్రస్తుడైన విదేశీయుని సంరక్షణ భారాన్ని రాజే వహించాలన్న ఈ భావన పదహారవ శతాబ్దపు తెలుగు కావ్యంలో ఉండడం గమనార్హం.

నేటి ప్రభుత్వాలు అంత ఉదారమైనవి కావు. సరిహద్దు వద్ద నిలిచిన ప్రయాణికుణ్ణి అవి ప్రధానంగా రెండు ప్రశ్నలు అడుగుతాయి. నీవు మా దేశంలోకి ఏ వ్యాధినైనా మోసుకువస్తున్నావా? మా దేశంలో నీవు జబ్బుపడితే వైద్యవ్యయం ఎవరు చెల్లిస్తారు? టీకా ధ్రువపత్రాలు, వైద్యపరీక్షలు మొదటి ప్రశ్నకు సమాధానాలు. ఆరోగ్య బీమా రెండవ ప్రశ్నకు సమాధానం.

మొదటి ప్రశ్నకు చరిత్ర చాలా దీర్ఘమైనది. ఐరోపాను మహామారి పీడిస్తున్న కాలంలో, 1377లో, ఏడ్రియాటిక్ సముద్రతీరంలోని రగూసా నగరం వ్యాధిపీడిత ప్రాంతాల నుంచి వచ్చేవారిని ముప్పై దినాలపాటు ఊరి వెలుపల నిలిపివేయాలని శాసించింది. తరువాత ఆ గడువు నలభై దినాలయింది. ఇటలీ భాషలో నలభైకి గల పేరు నుంచే క్వారంటైన్ అనే మాట పుట్టింది. ఈ ఏర్పాటు వల్ల నగరాలకు కొంత రక్షణ లభించిన మాట నిజమే గాని, నిలిపివేయబడినవారి గతి ఏమిటన్నది చాలాకాలం ఎవరూ ఆలోచించలేదు. 1856లో కలకత్తా నుంచి ఒప్పంద కూలీలతో మారిషస్ చేరిన రెండు ఓడలలో కలరా కనిపించింది. ప్రయాణికులను సమీపంలోని చిన్న దీవిలో దింపివేశారు. తగిన వసతి, ఆహారం, వైద్యం లేక ఆ దీవిలో రెండు వందలకు పైబడి జనులు మరణించారు. కోరంగి రేవు నుంచి, మద్రాసు నుంచి అదే ద్వీపానికి వలసవెళ్ళిన తెలుగువారి సంతతి నేటికీ అక్కడ ఉగాది జరుపుకుంటున్నది. వారి పూర్వులు కూడా ఇటువంటి తనిఖీలను దాటి వెళ్ళినవారే.

ఓడల కాలంలో ఒక్కొక్క రేవుది ఒక్కొక్క నిబంధన. ఈ అయోమయాన్ని తొలగించడానికి 1851లో పారిస్‌లో మొదటి అంతర్జాతీయ పారిశుద్ధ్య సమావేశం జరిగింది. ఆ ప్రయత్న పరంపర చివరకు ప్రపంచ ఆరోగ్య సంస్థ రూపొందించిన అంతర్జాతీయ ఆరోగ్య నిబంధనలుగా స్థిరపడింది. 2005లో సవరించిన ఈ నిబంధనలు 2007 జూన్ నుంచి అమలులోకి వచ్చాయి. ఒకప్పుడు విదేశయాత్రికులందరి వద్దా మశూచి టీకా పత్రం ఉండవలసివచ్చేది. 1980లో ఆ వ్యాధి భూమండలం మీద నుంచి నిర్మూలితమైనట్లు ప్రకటించిన తరువాత ఆ పత్రం అవసరం తీరింది. ఈ నిబంధనలలో ప్రవేశానికి టీకా ధ్రువపత్రం అడగదగిన వ్యాధిగా పేరెన్నికగన్నది నేడు ఒక్కటే. అది ఎల్లో ఫీవర్ అనబడే పీతజ్వరం.

పీతజ్వరం ఆఫ్రికా, దక్షిణ అమెరికా ఖండాలలోని ఉష్ణమండల దేశాలలో ఉన్న వ్యాధి. దోమకాటు వల్ల ఇది వ్యాపిస్తుందని 1881లో క్యూబా వైద్యుడు కార్లోస్ ఫిన్లే ప్రతిపాదించగా, 1900లో వాల్టర్ రీడ్ బృందం దానిని ప్రయోగపూర్వకంగా నిరూపించింది. 1930వ దశకంలో మాక్స్ థైలర్ రూపొందించిన టీకాకు 1951లో నోబెల్ బహుమతి లభించింది. మన దేశంలో ఈ వ్యాధి లేదు. కాని దానిని వ్యాపింపజేసే ఈడిస్ దోమ మాత్రం పుష్కలంగా ఉన్నది. డెంగీని తెచ్చిపెట్టేది కూడా అదే. దోమ ఉండి, రోగబీజం లేని దేశానికి ఒక్క రోగి వచ్చినా చాలు, నిప్పురవ్వ గడ్డివామిలో పడినట్లవుతుంది. అందుచేతనే ఈ విషయంలో భారతదేశం చాలా కఠినంగా వ్యవహరిస్తుంది. పీతజ్వర పీడిత దేశాల నుంచి ఆరు దినాలలోపు వచ్చినవారి వద్ద సరైన టీకా పత్రం లేకపోతే, వారు స్వదేశీయులైనా సరే, ఆరు దినాల వరకు క్వారంటైన్‌లో ఉంచబడతారు. కెన్యాలో సింహాలను చూసి సంతోషంగా తిరిగివచ్చిన యాత్రికుడు స్వదేశపు విమానాశ్రయంలోనే నిలిచిపోవడం వింతగా తోచవచ్చు. టీకా పత్రం వెళ్ళేటప్పుడే కాదు, తిరిగి వచ్చేటప్పుడు కూడా అవసరమన్న సంగతి చాలామందికి తెలియదు.

ఘానా, ఉగాండా వంటి దేశాలకు ఉద్యోగరీత్యా వెళ్ళే తెలుగువారు ఈ టీకా తప్పనిసరిగా వేయించుకోవలసి ఉంటుంది. అందుకు ప్రభుత్వం గుర్తించిన కేంద్రాలకే వెళ్ళాలి. హైదరాబాదు నారాయణగూడలోని ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ప్రివెంటివ్ మెడిసిన్, విశాఖపట్టణంలోని పోర్టు ఆరోగ్య కార్యాలయం ఇటువంటి కేంద్రాలు. టీకా వేసిన పదవ దినం నుంచి మాత్రమే పత్రం చెల్లుతుంది. నేడు టీకా వేయించుకొని రేపు విమానమెక్కుదామంటే కుదరదు. లోగడ ఈ పత్రానికి పదేళ్ళ గడువు ఉండేది. ఒక్క మోతాదు జీవితాంతం రక్షణనిస్తుందని తేలడంతో 2016 జూలై నుంచి అది జీవితాంతం చెల్లేటట్లు మార్చారు. కనుక పాత పత్రాన్ని గడువు తీరిందని పారవేయరాదు. తొమ్మిది నెలలు నిండని శిశువులకు, కోడిగుడ్డు తీవ్రంగా పడనివారికి, వ్యాధినిరోధక శక్తి సన్నగిల్లినవారికి ఈ టీకా వేయరు. అరవై ఏళ్ళు దాటినవారి విషయంలో వైద్యులు ఆచితూచి నిర్ణయిస్తారు. అటువంటి వారికి మినహాయింపు పత్రం ఇచ్చే ఏర్పాటు ఉన్నది.

ఇవి కాక ఆయా దేశాలు తమ తమ పరిస్థితులను బట్టి విధించే నియమాలు కొన్ని ఉన్నాయి. హజ్, ఉమ్రా యాత్రలకు వెళ్ళేవారు మెదడుపొరల వాపు వ్యాధికి టీకాను సౌదీ అరేబియా చేరడానికి కనీసం పది దినాలు ముందు వేయించుకోవాలి. 1987లోను, 2000లోను యాత్రికులలో ఈ వ్యాధి ప్రబలి పలు దేశాలకు పాకడమే దీనికి కారణం. 2014 మార్చిలో పోలియో రహిత ధ్రువీకరణ పొందిన భారతదేశం, ఆ వ్యాధి ఇంకా మిగిలిన దేశాలకు రాకపోకలు సాగించేవారు నాలుగు వారాలు ముందుగా పోలియో చుక్కలు వేసుకోవాలని నియమం పెట్టింది. 2020లో కోవిడ్ మహమ్మారి వచ్చినప్పుడు ఈ నియమాలన్నీ ఒక్కసారిగా విశ్వరూపం దాల్చాయి. పరీక్షల ఫలితాలు, టీకా పత్రాలు, హోటళ్ళలో నిర్బంధవాసాలు, కోవిడ్ చికిత్సకు ప్రత్యేక బీమాలు వచ్చిపడ్డాయి. థాయిలాండు యాత్రికులకు విధించిన బీమా నియమం 2022 జూలైలో తొలగిపోయింది. తక్కిన దేశాల నియమాలు కూడా క్రమంగా సడలిపోయాయి.

ఆరోగ్యం పేరిట పెట్టిన ప్రతి నియమమూ శాస్త్రసమ్మతమైనదని చెప్పడానికి వీలులేదు. హెచ్.ఐ.వి. సోకినవారు తమ గడ్డ మీద కాలు మోపరాదని అమెరికా 1987లో విధించిన నిషేధం 2010 జనవరి వరకు కొనసాగింది. ఆ వ్యాధి మాటల వల్ల, స్పర్శ వల్ల, ప్రక్కన కూర్చోవడం వల్ల సోకదని లోకానికి తెలిసిన తరువాత కూడా ఆ నిషేధం అనేక సంవత్సరాలు నిలిచి ఉండడానికి కారణం భయమే తప్ప వైద్యం కాదు.

సందర్శకుల కన్న ఉద్యోగార్థులకు పరీక్షలు కఠినంగా ఉంటాయి. ఆరు నెలలకు మించి బ్రిటన్‌లో నివసించదలచిన భారతీయులు గుర్తింపు పొందిన కేంద్రంలో క్షయ పరీక్ష చేయించుకోవాలి. గల్ఫ్ దేశాలకు పనికి వెళ్ళేవారు ఆ దేశాలు ఆమోదించిన వైద్యకేంద్రాలలోనే పరీక్షలకు హాజరు కావాలి. లోగడ గామ్కా అన్న పేరుతోను, ఇప్పుడు వాఫిద్ అన్న పేరుతోను ఈ విధానం ప్రసిద్ధం. క్షయ, హెచ్.ఐ.వి., కామెర్లకు దారితీసే హెపటైటిస్ బి, సి మొదలైనవాటిని అక్కడ పరీక్షిస్తారు. ఎప్పుడో చిన్నతనంలో వచ్చి నయమైన క్షయ ఊపిరితిత్తి మీద మచ్చగా మిగిలినా, ఎక్స్‌రేలో అది కనిపిస్తే అనర్హుడని తేల్చే అవకాశం ఉన్నది. ఆ ఫలితం ఒక్క దేశానికే పరిమితం కాదు. గల్ఫ్ సహకార మండలి దేశాలన్నింటికీ తెలుస్తుంది. ఏజెంటుకు చెల్లించడానికి అప్పుచేసి, ఆపైన పరీక్షకు వెళ్ళి అనర్హుడైన యువకుని పరిస్థితి ఎంత దయనీయమో ఊహించవచ్చు. అప్పుచేయడానికి ముందే స్థానిక వైద్యుని వద్ద ఎక్స్‌రే, రక్తపరీక్ష చేయించుకుంటే ఖర్చు కొన్ని వందల రూపాయలతో తేలిపోతుంది. ఈ చిన్న జాగ్రత్త ఏ నియమావళిలోనూ వ్రాసి ఉండదు.

ఇక రెండవ ప్రశ్న ధనానికి సంబంధించినది. దీనిని అందరికన్న స్పష్టంగా అడిగినవి ఐరోపా దేశాలు. లక్సెంబర్గులోని షెంగెన్ అనే చిన్న గ్రామం వద్ద 1985 జూన్ 14న కుదిరిన ఒప్పందం ఫలితంగా నేడు 29 దేశాల మధ్య సరిహద్దు తనిఖీలు లేవు. ఆ దేశాలకు స్వల్పకాలిక వీసా కోరేవారు 2004 జూన్ 1 నుంచి ప్రయాణ వైద్యబీమా చూపవలసివచ్చింది. కనీస బీమా మొత్తం ముప్పై వేల యూరోలు. ఆ బీమా షెంగెన్ దేశాలన్నింటిలోనూ, అక్కడ ఉండే దినాలన్నింటికీ వర్తించాలి. అత్యవసర చికిత్స, ఆసుపత్రి ఖర్చు, అస్వస్థతతో స్వదేశానికి చేర్చే ఖర్చు, మరణం సంభవిస్తే భౌతికకాయాన్ని తరలించే ఖర్చు అందులో ఉండాలి. పారిస్ ఒక్కటే చూసి వద్దామనుకున్నవాడు కూడా ఫ్రాన్సుకు మాత్రమే చెల్లే బీమా తీసుకుంటే వీసా రాదు.

బ్రిటన్ మార్గం వేరు. అక్కడ జాతీయ ఆరోగ్య సేవ ప్రజలందరికీ ప్రభుత్వమే అందించే వైద్యం. ఆరు నెలలకు మించి ఉండడానికి వీసా కోరే విదేశీయులు ఆ సేవకుగాను ముందుగానే ఆరోగ్య సర్‌ఛార్జి చెల్లించాలి. 2015లో ఏడాదికి 200 పౌండ్లుగా ప్రారంభమైన ఈ రుసుము 2024 ఫిబ్రవరిలో 1,035 పౌండ్లయింది. విద్యార్థులకు 776 పౌండ్లు. రెండేళ్ళ చదువుకు వెళ్ళే విద్యార్థి తల్లిదండ్రులు విద్యాసంస్థ రుసుమును లెక్కవేస్తారే గాని ఈ మొత్తాన్ని మరచిపోతుంటారు. స్వల్పకాలిక సందర్శకులకు ఈ రుసుము లేదు. అందుచేత వారికి సేవ కూడా ఉచితం కాదు. ప్రమాద, అత్యవసర విభాగంలో చూపించుకోవడం వరకు ఉచితమే. ఆసుపత్రిలో చేరితే మాత్రం ఆ సేవకయ్యే ఖర్చుకు ఒకటిన్నర రెట్లు వసూలు చేస్తారు. ఆస్ట్రేలియాలో విదేశీ విద్యార్థులకు వీసా గడువంతటికీ ప్రత్యేక ఆరోగ్య బీమా తప్పనిసరి. కెనడా తమ దేశంలో స్థిరపడినవారి తల్లిదండ్రులు, తాతమామ్మల కోసం 2011 డిసెంబరులో సూపర్ వీసాను ప్రవేశపెట్టింది. దానికి కనీసం లక్ష కెనడియన్ డాలర్ల వైద్యబీమా ఏడాది కాలానికి ఉండాలి.

అమెరికా సంగతి విచిత్రమైనది. తెలుగునాట నుంచి అత్యధికంగా తల్లిదండ్రులు వెళ్ళే దేశం అదే. కుమార్తె ప్రసవానికో, మనుమని పుట్టినరోజుకో బయలుదేరిన దంపతులను సందర్శక వీసా ఇచ్చేటప్పుడు ఆ దేశం బీమా పత్రం తప్పనిసరిగా చూపమనదు. నియమం లేకపోవడాన్ని అవసరం లేకపోవడంగా భావించడం పెద్ద పొరపాటు. వైద్యం అత్యంత ఖరీదైన దేశాలలో అమెరికా మొదటి వరుసలో ఉన్నది. ఆసుపత్రిలో ఒక్కొక్క దినానికి వేల డాలర్ల బిల్లు రావడం అక్కడ సామాన్యం. 1986 నాటి చట్టం ప్రకారం అత్యవసర స్థితిలో వచ్చినవారిని, డబ్బున్నదా లేదా అని చూడకుండా, ప్రాణాపాయం తప్పేవరకు ఆసుపత్రి చూడవలసిందే. ఈ చట్టం గొప్పదే. కాని అది చికిత్సను నిరాకరించవద్దని చెప్పిందే తప్ప బిల్లు పంపవద్దని చెప్పలేదు. ఆ బిల్లు చివరకు అక్కడ ఉద్యోగం చేస్తున్న కొడుకు మీదనో, కూతురి మీదనో పడుతుంది. వారి ఉద్యోగంతో వచ్చే బీమాలో భార్యాభర్తలు, పిల్లలు ఉంటారే గాని, సందర్శనకు వచ్చిన తల్లిదండ్రులు సాధారణంగా ఉండరు.

కాబట్టి బీమా తీసుకోవాలి. తీసుకునేముందు చదవాలి. ఈ రెండవ మాటను పాటించేవారు అరుదు. పాలసీలో మొదటి పుటలోని పెద్ద అంకెను చూసి సంతృప్తి పడడం పరిపాటి. సందర్శకుల బీమాలు స్థూలంగా రెండు విధాలు. ఒకటి, ఒక్కొక్క చికిత్సకు ఇంత అని పరిమితి విధించేది. బీమా మొత్తం లక్ష డాలర్లని వ్రాసి ఉన్నా, గది అద్దెకు ఇంత, శస్త్రచికిత్సకు ఇంత, పరీక్షలకు ఇంత అని లోపల కత్తిరింపులు ఉంటాయి. రెండవది, డిడక్టిబుల్ అనే కొంత మొత్తాన్ని రోగి చెల్లించిన తరువాత, మిగిలిన ఖర్చులో అధికభాగాన్ని భరించేది. మొదటిదానికి ప్రీమియం తక్కువ, అసలు అవసరం వచ్చినప్పుడు ప్రయోజనమూ తక్కువే. చౌకగా దొరికిందని కొన్న గొడుగు జడివానలో తిరగబడడం వంటిదిది.

అసలు చిక్కు ముందునుంచి ఉన్న వ్యాధుల వద్ద వస్తుంది. అరవై ఏళ్ళు దాటిన దంపతులలో రక్తపోటో, మధుమేహమో లేనివారు కొద్దిమంది. ప్రయాణ బీమాలు చాలావరకు ఇటువంటి వ్యాధులకు సాధారణ చికిత్సను మినహాయిస్తాయి. కొన్ని మాత్రం ఆ వ్యాధి హఠాత్తుగా ప్రకోపించి ప్రాణాపాయం కలిగినప్పుడు పరిమితంగా చెల్లిస్తాయి. ఈ భేదం తెలియక, నెలసరి పరీక్షలు, మందులు కూడా బీమాలో వస్తాయని ఆశించేవారున్నారు. మరికొందరు ఇంకొక అపాయకరమైన దారి త్రొక్కుతారు. ప్రీమియం పెరుగుతుందనో, పాలసీ ఇవ్వరనో దరఖాస్తులో వ్యాధిని దాచిపెడతారు. బీమా ఒప్పందానికి పునాది పరమవిశ్వాసం. వస్తువును కొనేవాడు దానిని చూసి కొనవచ్చు. మనిషి దేహంలోని వ్యాధిని బీమా సంస్థ చూడలేదు. అది అడిగినదానికి సత్యం చెప్పడం దరఖాస్తుదారుని విధి. దాచినవారు క్లెయిము సమయంలో పట్టుబడతారు. విదేశపు ఆసుపత్రి వ్రాసుకునే పూర్వచరిత్రలో రోగి స్వయంగా చెప్పిన మాటలే అందుకు సాక్ష్యాలవుతాయి.

మరి సత్యం చెప్పినవారికి న్యాయం జరుగుతుందా? ఈ ప్రశ్నకు 2021 డిసెంబరులో భారత సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన ఒక తీర్పు సమాధానమిస్తుంది. 2009లో ఒక వ్యక్తి బంధువుల ఇంటి వివాహానికి అమెరికా ప్రయాణమై, విదేశయాన వైద్యబీమా తీసుకున్నాడు. తనకు మధుమేహం ఉన్నట్లు తెలిపాడు. పాలసీకి ముందు వైద్యపరీక్ష కూడా జరిగింది. శాన్‌ఫ్రాన్సిస్కో విమానాశ్రయంలో దిగగానే చెమటలు పట్టి, నీరసించి ఆసుపత్రి పాలయ్యాడు. గుండె రక్తనాళాలలో అడ్డంకులు తొలగించి మూడు స్టెంట్లు అమర్చారు. మధుమేహంతోపాటు రక్తంలో కొవ్వుకు సంబంధించిన మందు కూడా వాడుతున్నాడని, దానిని తెలుపలేదని, వ్యాధి ముందునుంచి ఉన్నదేనని బీమా సంస్థ క్లెయిమును తిరస్కరించింది. జాతీయ వినియోగదారుల కమిషన్ కూడా అతని ఫిర్యాదును త్రోసిపుచ్చింది. సర్వోన్నత న్యాయస్థానం ఆ నిర్ణయాన్ని మార్చివేసింది. దరఖాస్తుదారు తెలిపిన ఆరోగ్యస్థితిని పరిశీలించి, దానిని అంగీకరించి పాలసీ ఇచ్చిన సంస్థ, తరువాత అదే వ్యాధిని కారణంగా చూపి చెల్లించననడం తగదని స్పష్టం చేసింది. న్యాయం జరిగింది, నిజమే. అది జరగడానికి పన్నెండేళ్ళు పట్టింది. కాని దరఖాస్తులో వ్రాసిన మధుమేహమన్న ఆ ఒక్క మాటే లేకపోతే, ఆ పన్నెండేళ్ళ పోరాటానికి ఆధారమే ఉండేది కాదు.

ప్రయాణంలో తీసుకువెళ్ళే మందుల విషయం కూడా ఇక్కడే ప్రస్తావించదగినది. స్వదేశంలో సులభంగా దొరికే కొన్ని నొప్పి మాత్రలు, దగ్గు మందులు, నిద్రమాత్రలు గల్ఫ్ దేశాలలో నియంత్రిత పదార్థాలు. ట్రామడాల్, కోడీన్ ఉన్న మందులను వైద్యుని చీటీ, ముందస్తు అనుమతి లేకుండా తీసుకువెళ్తే చిక్కులు తప్పవు. మందుల మాట అటుంచి, మసాలాలో వాడే గసగసాలు కూడా సంయుక్త అరబ్ ఎమిరేట్లలోను, సౌదీ అరేబియాలోను నిషిద్ధాలు. అవి నల్లమందు మొక్క గింజలు కావడమే కారణం. ఇరుగుపొరుగువారు దుబాయిలోని తమ బంధువులకు ఇమ్మని అందించిన పొట్లాలను విప్పి చూడకుండా పెట్టెలో పెట్టుకోవడం మర్యాద అనిపించుకోవచ్చు గాని వివేకం అనిపించుకోదు.

గల్ఫ్ మాట వచ్చింది కనుక, ఈ విషయమంతటిలో అత్యంత బరువైన భాగం అక్కడే ఉన్నదని చెప్పాలి. కరీంనగర్, నిజామాబాదు, జగిత్యాల ప్రాంతాల పురుషులు భవన నిర్మాణ పనులకు, కడప, గోదావరి జిల్లాల స్త్రీలు కువైట్ వంటి దేశాలలో ఇంటిపనులకు దశాబ్దాలుగా వలసవెళ్తున్నారు. పదవ తరగతి ఉత్తీర్ణులు కానివారు 18 దేశాలకు ఉద్యోగానికి వెళ్ళాలంటే 1983 నాటి వలస చట్టం ప్రకారం ప్రవాసుల సంరక్షణాధికారి అనుమతి పొందాలన్న ఏర్పాటు వారి రక్షణ కోసమే చేశారు. ఆ అనుమతితో ముడిపడినదే 2003లో ప్రారంభమైన ప్రవాసీ భారతీయ బీమా యోజన. 2017 సవరణ ప్రకారం రెండేళ్ళకు 275 రూపాయలు, మూడేళ్ళకు 375 రూపాయలు, పన్ను అదనంగా, చెల్లిస్తే ప్రమాద మరణానికి లేదా శాశ్వత వైకల్యానికి పది లక్షల రూపాయల బీమా లభిస్తుంది. వైద్యవ్యయానికి లక్ష రూపాయల వరకు, స్త్రీలకు ప్రసూతి వ్యయం కూడా అందులో ఉన్నాయి. నెలకు పది, పన్నెండు రూపాయలు మించని ఈ ప్రీమియం ఏ కార్మికునికైనా భారం కాదు.

అయినా ఈ రక్షణ అందనివారు అనేకులు. సందర్శక వీసా మీద వెళ్ళి అక్కడ పని వెదుక్కోవచ్చునని ఏజెంట్లు నమ్మబలుకుతారు. సందర్శకునిగా వెళ్ళినవానికి వలస అనుమతి ఉండదు. అనుమతి లేదు గనుక ఆ బీమా ఉండదు. అక్కడి చట్టం దృష్టిలో అతడు కార్మికుడే కాడు గనుక యజమాని చేయించవలసిన ఆరోగ్య బీమా కూడా ఉండదు. ఎమిరేట్లలో ఉద్యోగులకు యజమాని ఖర్చుతో ఆరోగ్య బీమా అబుదాబి, దుబాయిలలో చాలాకాలంగా నిర్బంధం. 2025 జనవరి 1 నుంచి తక్కిన ఎమిరేట్లకు కూడా అది విస్తరించింది. ఈ సదుపాయాలన్నీ సక్రమమైన వీసాతో వెళ్ళినవారికే దక్కుతాయి. ఆ వీసా కోసం ఇంకొక నెల వేచి ఉండలేని తొందరకు మూల్యం ఒక్కొక్కసారి ప్రాణమవుతుంది.

బీమా ఉన్నవారి విషయంలోనూ ఒక లోపం ఉన్నది. ఆ పది లక్షలు ప్రమాద మరణానికే. యాభై డిగ్రీలకు చేరువయ్యే ఎండలో పనిచేసి, రాత్రి నిద్రలోనే గుండె ఆగి మరణించినవాని ధ్రువపత్రంలో సహజ మరణమని వ్రాస్తారు. పత్రం దృష్టిలో అది ప్రమాదం కాదు. అతని కుటుంబానికి మాత్రం అంతకు మించిన ప్రమాదం మరొకటి లేదు. గల్ఫ్‌లో మరణించిన కార్మికుల కుటుంబాలకు ఐదు లక్షల రూపాయల సహాయం ఇవ్వాలని 2024లో తెలంగాణ ప్రభుత్వం తీసుకున్న నిర్ణయానికి నేపథ్యం ఈ లోపమే.

పరదేశంలో మరణించినవాని భౌతికకాయం స్వగ్రామం చేరడానికి కావలసిన కాగితాలు ఎన్నో ఉంటాయి. స్థానిక మరణ ధ్రువపత్రం, పోలీసు అనుమతి, దేహం చెడకుండా చేసిన ప్రక్రియకు పత్రం, భారత రాయబార కార్యాలయం ఇచ్చే నిరభ్యంతర పత్రం, పాస్‌పోర్టు రద్దు, విమాన సంస్థ బుకింగు. వీటికి దినాలు, కొన్ని సందర్భాలలో వారాలు పడతాయి. ఇంతలో ఇక్కడ ఇంటివారికి తెలియనిది ఒకటే, అతనికి బీమా ఉన్నదా లేదా అన్నది. పాలసీ కాగితం అతని పెట్టెలోనే, ఎడారిలోని ఏదో శిబిరంలో ఉండిపోతుంది. నామినీగా తన పేరు వ్రాసి ఉన్నట్లు భార్యకే తెలియని సందర్భాలున్నాయి. అందుచేత ప్రయాణమయ్యే దినాన పాస్‌పోర్టు, వీసా, ఉద్యోగ ఒప్పందం, బీమా పాలసీ అన్నింటికీ నకళ్ళు తీయించి, పాలసీ సంఖ్యను, బీమా సంస్థ ఫోను సంఖ్యను, నామినీ పేరును తెలుగులో ఒక కాగితం మీద వ్రాసి ఇంటిలో ఇచ్చి వెళ్ళాలి. చదువురాని తల్లి అయితే, ఊరిలో ఆమె నమ్మే మరొకరికి కూడా ఆ కాగితం ఎక్కడున్నదో చెప్పి వెళ్ళాలి.